పాట ఎవరి సొత్తు? – గోదావరి సీమలో ప్రదర్శన హక్కుల కథ

పాత నాటక గ్రంథాలను తిరగవేసే అలవాటున్న మిత్రులకు లోపలి అట్ట మీద తరచుగా కనిపించే మాట ఒకటున్నది: సర్వస్వామ్యసంకలితము. తరువాతి కాలపు పుస్తకాలలో అదే "సర్వహక్కులు గ్రంథకర్తవి" అయినది. ఈ మాటను అచ్చువేసేవారు చదివినారు, చాలామట్టుకు గౌరవించినారు. ఆడేవారు, పాడేవారు మాత్రం దానిని తమకు సంబంధించినదిగా ఎన్నడూ తలచినట్లు లేదు. ఒకరి పుస్తకాన్ని మరొకరు దొంగచాటుగా అచ్చు వేయడం తప్పని మనవారికి తొందరగానే తెలిసినది. అదే పుస్తకంలోని పద్యాన్ని టిక్కెట్టు పెట్టి వేయిమంది ముందు పాడడానికి కూడా కర్త అనుమతి కావాలన్న మాట నేటికీ మన గోదావరి సీమలో పలువురికి వింతగానే తోస్తుంది. "పాట పాడితే అరిగిపోతుందా?" అన్నది మనవారి వాదం. వినడానికి సొగసుగానే ఉన్నది. దాని వెనుక నూట నలభై ఏళ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను కాస్త విప్పి చూపడమే ఈ టపా ఉద్దేశం.

కథను 1847వ సంవత్సరంతో మొదలుపెట్టడం బాగుంటుంది. ఆ ఒక్క ఏడాదిలోనే, ఒకదానితో ఒకటి పొత్తులేని మూడు సంగతులు జరిగినవి.

ఆ ఏడు జనవరి 6వ తేదీన తిరువయ్యారులో త్యాగరాజస్వామివారు సిద్ధి పొందినారు. రాజాస్థానపు ధనాన్ని వద్దన్న ఆ మహనీయుని కృతులు శిష్యపరంపర గొంతులలో నిలిచి లోకానికి అందినవి. పాడేందుకు ఎవరూ ఆయన వద్ద అనుమతిపత్రం పుచ్చుకొనలేదు. చివరి చరణంలో ఆయన ముద్రను మాత్రం ఎవరూ తుడిచివేయలేదు. సొమ్ము లేదు, పేరు ఉన్నది. ఇది మన పద్ధతి.

అదే ఏడు పారిస్ నగరంలో అంబాసదూర్ అనే కాఫీశాలలో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత కూర్చుని పానీయం సేవిస్తుండగా అక్కడి మేళగాళ్లు ఆయన రచననే వాయించినారట. బిల్లు తెచ్చిన సేవకునితో ఆయన, మీరు నా పాటకు డబ్బు ఇవ్వనప్పుడు నేను మీ పానీయానికి డబ్బు ఇవ్వనని పేచీ పెట్టినారు. వివాదం న్యాయస్థానానికి వెళ్లి రచయిత పక్షానే తేలినది. ఆ గెలుపు నుండి పుట్టినదే, 1851లో ఫ్రాన్సులో ఏర్పడిన సాసెం అనే రచయితల, స్వరకర్తల సంఘం. బహిరంగంగా పాడినచోట పాడించినవారి వద్ద రుసుము వసూలుచేసి కర్తలకు పంచే సంఘాలకు అది పెద్దక్క.

అదే ఏడు డిసెంబరులో కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం మన దేశానికి మొదటి గ్రంథస్వామ్య చట్టాన్ని చేసినది. దాని దృష్టి అంతా అచ్చు పుస్తకం మీదనే. పాటను సభలో పాడడం గురించి దానికి చింత లేదు.

పేరు చాలన్న మన సంప్రదాయం, రుసుము కావాలన్న పారిస్ రచయిత, పుస్తకాన్నే చూచిన కంపెనీ చట్టం – ఈ మూడింటి నడుమనే మన రంగస్థలం పుట్టి పెరిగినది.

రాజమహేంద్రవరపు రంగస్థలం

ధార్వాడ నాటకసమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి ఆటలాడి వెళ్లిన తరువాత, 1880లో, కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ శిష్యులచేత తెలుగు నాటకం ఆడించినారు. ఆ తరువాతి దశాబ్దంలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి సమాజం అదే ఊరిలో వెలిసినది. ఒంగోలు నుండి ఆయన వెంట వచ్చి ఆ సమాజంలో వేషాలు కట్టిన బాలుడే తరువాతి కాలంలో ఆంధ్రకేసరియైన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఆ సమాజం కోసమే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నాటకాలు వ్రాసినారు. రేచీకటితో బాధపడిన ఆ కవి వ్రాసిన గయోపాఖ్యానం తెలుగుదేశమంతటా ఆడినది. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన తెలుగు పుస్తకంగా దానిని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు.

ఆ లక్ష ప్రతులు కొన్నదెవరు? చదువరులే అయితే అంత సంఖ్య ఆనాడు పొసగదు. నటులు కొన్నారు, నటులు కాగోరినవారు కొన్నారు. రైతుబిడ్డలు, బడిపంతుళ్లు, కచేరీ గుమాస్తాలు కొని పద్యాలు బట్టీపట్టి ఊరూరా ఆడినారు. అంటే కవికి ప్రదర్శన వల్ల కలిగిన లాభమేదైనా ఉంటే అది పుస్తకపు వెల రూపంలోనే వచ్చినది. ఒక సమాజం ఒక ప్రతి కొని నూరు ఆటలు ఆడితే తొంబదితొమ్మిది ఆటలకు కవికి ముట్టినది శూన్యం. ఇది ఎవరో చేసిన మోసం కాదు. ఆటకింత అని కవికి పంపే ఏర్పాటే మన రంగస్థలం మీద స్థిరపడలేదు.

తిరుపతి వేంకటకవుల సంగతి మరింత విచిత్రం. యండగండి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, కడియం చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఇద్దరూ గోదావరి నీళ్లు త్రాగినవారే. శతావధానాలతో సంస్థానాలన్నీ చుట్టి సంభావనలు, సన్మానాలు అందుకొన్నవారు. సంభావన అంటే ఏమిటి? కవి నోట కవిత్వం విన్నందుకు విన్నవారు ముట్టజెప్పే గౌరవ ధనం. అంటే ప్రదర్శనకు ప్రతిఫలమన్న భావన మనకు తెలియనిది కాదు. కవి తానే సభలో నిలిచి చదివినంత కాలం ఆ ధనం కవికే చేరినది. పాండవోద్యోగ విజయాలు రంగస్థలమెక్కి, పద్యాన్ని కవికి బదులు నటుడు పాడడం మొదలైన తరువాత ఆ సంభావన కాస్తా దారి తప్పినది.

డెల్టా గ్రామాలలో పద్యనాటకం చూచినవారికి ఆ దారి బాగా తెలుసు. సంక్రాంతికో, శివరాత్రికో, శ్రీరామనవమి పందిళ్లలోనో రాయబారం ఘట్టం ఉంటుంది. పేరున్న నటులను తలొక చోటు నుండి పిలిపించి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులను దింపే కాంట్రాక్టు నాటకాలు అనేకం. ఒక కృష్ణుడు తెర దిగగానే మరొక కృష్ణుడు ఎక్కుతాడు. పద్యం చివర రాగం గుక్క తిప్పుకోకుండా సాగుతుంది, జనం వన్స్‌మోర్ అంటారు, చదివింపులు మొదలవుతాయి. ఫలానా వారు ఫలానా పాత్రధారికి ఇన్ని రూపాయలు అని మైకులో ప్రకటిస్తారు. తెల్లవారిన తరువాత లెక్క చూస్తే నటునికి ఇంత, హార్మనీ వాయించినవానికి ఇంత, తెరలకూ దుస్తులకూ అద్దె ఇంత, మైకుసెట్టుకు ఇంత, పందిరికి ఇంత అని వ్రాసి ఉంటుంది. పద్యం కట్టినవారి పద్దు ఆ కాగితం మీద ఉండదు. కృష్ణుని కిరీటానికి కూడా అద్దె ఉన్నది. కృష్ణుని నోటి మాటకు లేదు.

నాణేనికి రెండవ వైపు కూడా చెప్పవలె. పద్యాన్ని జనంలోకి తీసుకొనిపోయినది కవి ఒక్కడే కాదు. పుస్తకంలో పద్యం ఉన్నది గాని దాని రాగపు వరుస లేదు. ఆ వరుసలను ఒక్కొక్క నటుడు తన గొంతుకు తగినట్లు కట్టుకొన్నాడు. కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి, బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారి బాణీలు వారి తరువాతివారికి పాఠాలైనవి. పీసపాటి బాణీ, షణ్ముఖి బాణీ అని పేరుపెట్టి మరీ పాడినారు. నేటి పరిభాషలో చెప్పాలంటే అవన్నీ కవర్ పాటలే. ఒకరి శైలిని అనుసరించడం చట్టం దృష్టిలో తప్పు కాదు, మన దృష్టిలోనూ కాదు. అయితే గాయకునికీ నటునికీ తన ప్రదర్శన మీద హక్కు ఒకటున్నదని మన చట్టం గుర్తించినది 1994 సవరణతోనే. అప్పటికి ఆ మహానటులలో పలువురు కాలధర్మం చెందినారు.

జానపదమనుకొన్న పాటలు

కర్త పేరే మరచిపోయేటంతగా జనంలో కలిసిపోవడం కవికి పరమ సన్మానమని అలంకారికంగా అంటూ ఉంటాము. ఆ సన్మానం ఎంత ఖరీదైనదో రెండు ఉదాహరణలు చెబుతాను.

ఎంకిపాటలు వ్రాసిన నండూరి వెంకట సుబ్బారావుగారు ఏలూరులో న్యాయవాది. ఆయన ఎంకి, నాయుడుబావల పాటలు ఎంతగా పల్లె మాటలో ఒదిగిపోయినవంటే, అవి పొలాల గట్ల మీద పుట్టినవని నమ్మి పాడినవారు కొల్లలు. జానపదమనుకొన్న తరువాత కర్తను వెదకి అనుమతి అడిగేవారెవరు? చట్టం చదివిన కవికే ఈ గతి పట్టినది.

రెండవవారు గరిమెళ్ల సత్యనారాయణగారు. రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ దానిని వదలి సహాయనిరాకరణోద్యమంలో దూకిన యువకుడు ఆయన. తెల్లదొరతనాన్ని తూర్పారబట్టిన ఆయన పాట 1920ల ఆరంభంలో వీథి వీథినా మారుమ్రోగినది. దానికిగాను ప్రభుత్వం ఆయనకు ఏడాది కారాగారశిక్ష వేసినది. ప్రభుత్వానికి ఆ పాట కర్త ఎవరో స్పష్టంగా తెలుసు, శిక్ష వేయవలసి వచ్చినప్పుడు. పాడినవారికి కూడా తెలుసు. అయినా ఆయన 1952లో మద్రాసులో కడు పేదరికంలో కన్నుమూసినారు. దేశభక్తి గీతానికి రుసుము అడగమని ఎవరూ అనరు, ఆయనా అడగలేదు. ఒక జాతి గొంతెత్తి పాడుకొన్న పాట ఆ కవికి పూట గడవడానికి అక్కరకు రాలేదన్నది మాత్రం మరువరాని సంగతి. "పాట పాడితే అరిగిపోతుందా?" అన్న ప్రశ్నకు నా సమాధానం ఇక్కడున్నది. పాట అరగదు. కవి అరిగిపోతాడు.

చట్టం ఏమన్నది

ఇంగ్లండు 1911 చట్టాన్ని అనుసరించి 1914లో మన దేశంలో వచ్చిన చట్టం ప్రదర్శన హక్కును గ్రంథస్వామ్యంలో చేర్చినది. స్వతంత్ర భారతదేశపు 1957 చట్టం 1958 జనవరి 21 నుండి అమలులోకి వచ్చినది. నేటికీ, అనేక సవరణలతో, అదే మన చట్టం. దాని 14వ విభాగం ప్రకారం సాహిత్యాన్ని గాని, నాటకాన్ని గాని, సంగీతాన్ని గాని బహిరంగంగా ప్రదర్శించే హక్కు కర్తది, లేదా కర్త నుండి ఆ హక్కు పొందినవారిది. లాభానికై వేదిక ఇచ్చిన హాలు యజమానికి కూడా, తప్పు జరుగుతున్నదని తెలిసి ఇచ్చి ఉంటే, బాధ్యత ఉన్నది. తెలిసి ఉల్లంఘించినవారికి 63వ విభాగం కింద ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు శిక్ష, ఏబదివేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నవి. లాభాపేక్ష లేనిచోట తగ్గించే అధికారం న్యాయస్థానానికి ఉన్నది.

ఇది విని బెదరనవసరం లేదు. అదే చట్టంలో 52వ విభాగాన్ని కూడా చదవవలె. మన ఊళ్ల ఆచారాలను ఎవరో దగ్గరుండి చూచి వ్రాసినట్లుంటుంది. ఔత్సాహిక సంఘాలు రుసుము తీసుకొనకుండా జనానికి ఆడి చూపితే, లేదా ధార్మిక సంస్థకు సహాయంగా ఆడితే, తప్పు లేదు. బడిలో విద్యార్థులు, ఉపాధ్యాయులు తమవారి ముందు ఆడితే తప్పు లేదు. నిజమైన మతకర్మలలో, ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ జరిపే అధికారిక ఉత్సవాలలో పాడితే తప్పు లేదు. మతకర్మ అన్న మాటలో పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలు కూడా చేరుతాయని వివరణ సైతం ఉన్నది. కనుక మన బ్యాండుమేళం పెళ్లికొడుకు ముందు సినిమా పాట వాయిస్తే దోషం లేదు. ఈ వివరణ పరిధి మీద మాత్రం వివాదాలు ఆగలేదు. 2023 జూలైలో కేంద్రప్రభుత్వం పెళ్లి వేడుకలకు రుసుము అడగరాదని ప్రకటించినది. గోవా ప్రభుత్వం 2024లో అటువంటి సర్క్యులరే జారీచేయగా, బొంబాయి హైకోర్టు గోవా పీఠం అదే ఏడు దానిని కొట్టివేసినది. చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ మినహాయింపును సర్క్యులరుతో ఇవ్వరాదన్నది సారాంశం.

చట్టం గీచిన గీటు ఇదన్నమాట: మురిసిపోయి పాడుకోవడం ఒకటి, పాటను పెట్టుబడిగా పెట్టి సొమ్ము చేసుకోవడం మరొకటి. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు వంటి ఔత్సాహిక సంఘాలు ఎస్.వి. రంగారావు, అంజలీదేవి వంటివారిని తయారుచేసిన సీమ మనది. అటువంటి సంఘాల ఉచిత ప్రదర్శనకు చట్టం అడ్డురాదు. టిక్కెట్టు పెట్టిన కాంట్రాక్టు నాటకం సంగతి వేరు. గుడి ఉత్సవమే అయినా లక్షలు పోసి పిలిపించిన వృత్తి ఆర్కెస్ట్రాను ఔత్సాహిక సంఘమని అనడమూ కష్టమే.

సినిమా పాట వేదికనెక్కిన తరువాత

పద్యనాటకానికి పోటీగా మన తీర్థాలలో ఆర్కెస్ట్రాలు వచ్చినవి. ఊరికొక జూనియర్ ఘంటసాల, జూనియర్ బాలు పుట్టుకొచ్చినారు. వారిని తేలికగా తీసివేయరాదు. పగలు ఏ కొట్టులోనో పనిచేసి, రాత్రి పాడి సంసారం ఈదుకొన్నవారు వారిలో ఉన్నారు. సినిమా పాటలో హక్కుల ముడి మాత్రం పద్యంలో కంటే చిక్కైనది. మాట ఒకరిది, స్వరం ఒకరిది, పాడినది మరొకరు, రికార్డు వేరొక సంస్థది, సినిమా నిర్మాతది.

రచయితల, స్వరకర్తల తరపున రుసుము వసూలు చేసేందుకు 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడినది. సినిమావారితో దాని వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లినది. నిర్మాత సొమ్మిచ్చి సినిమా కోసం వ్రాయించుకొన్నప్పుడు, వేరే ఒప్పందం లేకుంటే, హక్కు నిర్మాతదేనని 1977లో తీర్పు వచ్చినది. మూడున్నర దశాబ్దాలు రచయితలకు అదే అడ్డుగోడ. 2012 జూన్ 21న అమలులోకి వచ్చిన సవరణ ఆ గోడను చాలావరకు కూల్చినది. సినిమాహాలులో సినిమాతో పాటు వినిపించడం తప్ప మరే రూపంలో పాట వాడినా గేయరచయితకు, స్వరకర్తకు సమానభాగం చెందవలె. దానిని వదులుకొంటున్నానని కర్త సంతకం చేసినా చెల్లదు. ఆ సవరణ కోసం రాజ్యసభలోను వెలుపలను గొంతెత్తినవారిలో ముఖ్యుడు కవి జావేద్ అఖ్తర్. సవరించిన చట్టం కింద ఆ సొసైటీ 2017 నవంబరులో మరల నమోదైనది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి విప్పి చెప్పవలె. కవర్ పాటలకు చట్టమే లైసెన్సు ఇస్తుందని కొందరంటారు. 31సి విభాగంలో ఉన్న ఆ వెసులుబాటు పాటను కొత్తగా రికార్డు చేసి అమ్ముకొనేవారికి, అదీ మొదటి రికార్డు వచ్చి ఐదేళ్లు గడచిన తరువాత. వేదిక మీద పాడడానికి దానితో సంబంధం లేదు. వేదికకు ప్రదర్శన లైసెన్సు వేరు. మేళం లేక రికార్డు ట్రాకు పెట్టి పాడితే ఆ రికార్డు హక్కుదారు అనుమతి మరొకటి.

2017 మార్చి

ఈ సంగతులు సామాన్య శ్రోతల నోట పడినది 2017 మార్చిలో. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు గాయకునిగా ఏబదేళ్లు నిండిన సందర్భంగా దేశదేశాలు తిరిగి పాడుతూ అమెరికా చేరినారు. ఇళయరాజాగారి న్యాయవాది నుండి బాలుగారికి, చిత్రగారికి, చరణ్‌గారికి, కార్యక్రమ నిర్వాహకులకు నోటీసులు అందినవి. అనుమతి లేకుండా తన స్వరాలు వేదికల మీద పాడరాదని వాటి సారాంశం. ఇటువంటి చట్టమున్నదని తనకు తెలియదని, ఉన్నదంటే శిరసావహిస్తానని, ఇక ఇళయరాజాగారి పాటలు ఆ సభలలో పాడబోమని బాలుగారు తమ ఫేస్‌బుక్ పుటలో వ్రాసినారు. తెలుగువారు, తమిళులు రెండు పక్షాలుగా చీలి వాదించుకొన్నారు. ఎక్కువమంది బాలుగారి వైపే కన్నీరు పెట్టినారు. అది సహజం. ఆ పాటకు ప్రాణం పోసిన గొంతుకే ఆ పాట నిషిద్ధమా అని వారి బాధ.

ఆ బాధను గౌరవిస్తూనే రెండు మాటలు చెప్పాలనిపిస్తుంది. మొదటిది: చట్టప్రకారం స్వరకర్త వైపు వాదన నిరాధారమైనది కాదు. టిక్కెట్టు సభలో పాడడం కర్త హక్కు పరిధిలోని పనే. ఇళయరాజాగారి స్వరాల మీద ఎవరెవరికి ఎంతెంత హక్కున్నదన్న వ్యాజ్యాలు సంగీత సంస్థలతో న్యాయస్థానాలలో వేరుగా నడచినవి. ఆ లోతుకు ఇక్కడ పోనక్కరలేదు. గాయకుని మెడకు ఈ బరువు చుట్టడం మాత్రం లోకాచారం కాదు. అమెరికాలో సాధారణంగా వేదిక యజమానులో, నిర్వాహకులో ఆస్కాప్, బి.ఎం.ఐ. వంటి సంఘాలకు రుసుము చెల్లిస్తారు. హోటలువాడు సంగీతానికి వేరుగా టిక్కెట్టు పెట్టకపోయినా, భోజనపు వెలలోనే దాని ఫలం రాబట్టుకొంటున్నాడు గనుక కర్తకు రుసుము ఇవ్వవలసినదేనని అక్కడి సుప్రీంకోర్టు 1917లోనే తేల్చినది. సరిగ్గా నూరేళ్ల తరువాత అదే దేశంలో మనవాళ్లు ఈ చిక్కులో పడినారు.

రెండవది: ఆ వాదోపవాదాలన్నిటిలో స్వరకర్త పేరు వినిపించినది, గాయకుని పేరు వినిపించినది. మాట వ్రాసినవారి ఊసే లేదు. సాగరసంగమం పాటలకు స్వరం ఇళయరాజాగారిది, గొంతు బాలుగారిది. పదం వేటూరి సుందరరామమూర్తిగారిది. ఆయన 2010లోనే వెళ్లిపోయినారు. పాటలో సగపాలు ఆయనదని అటు పక్షంవారికీ తోచలేదు, ఇటు పక్షంవారికీ తోచలేదు. రాయబారం రాత్రి లెక్కలలో కవి పద్దు లేనట్టే, ఇక్కడా లేదు.

మిత్రులిద్దరూ తరువాత కలిసిపోయినారు. 2019 జూన్‌లో చెన్నైలో ఇళయరాజాగారి పుట్టినరోజు సభలో బాలుగారు పాడినారు. 2020 సెప్టెంబరు 25న బాలుగారు దివంగతులైనారు. స్నేహం గెలిచినందుకు సంతోషం. చట్టం గురించి ఆ మూడేళ్లలో మన సభానిర్వాహకులు నేర్చుకొన్నది మాత్రం స్వల్పమే.

ఏది మనది, ఏది ఇంకా వారిది

కర్త మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. మొదట ఏబదేళ్లే ఉండేది. రవీంద్రనాథ ఠాగూరు రచనల గడువు 1991తో ముగియబోతుండగా మరొక పదేళ్లు పొడిగించినారు. ఆ విశ్వకవి పుణ్యమా అని మన చిలకమర్తివారికి కూడా పదేళ్లు కలిసి వచ్చినవి. 1946లో గతించిన ఆయన నాటకాల మీద ఏ హక్కు మిగిలి ఉన్నా అది 2006 చివరితో తీరినది. జంటకవుల రచనకు చివర గతించినవారి నుండి లెక్క. తిరుపతిశాస్త్రిగారు 1920లో వెళ్లినా వేంకటశాస్త్రిగారు 1950 దాకా ఉన్నారు. కనుక 2011 జనవరి 1 నుండి ఉద్యోగ విజయాలు జనం సొత్తు. గరిమెళ్లవారి పాటలు 2013 నుండి, నండూరివారి ఎంకిపాటలు 2018 నుండి అంతే. పిఠాపురం దగ్గర పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు 1980లో గతించినారు గనుక ఆయన గీతాలకు 2040 చివరి దాకా గడువున్నది. వేటూరివారి మాటలకు 2070 దాకా.

మరొక మెలిక. అన్నమయ్య పదం అయిదువందల ఏళ్లనాటిది. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పదానికి మన కాలంలో కొత్తగా వరుస కట్టినవారి స్వరం మీద మాత్రం హక్కు ఉంటుంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో గతించినారు, వారు కట్టిన స్వరాలకు 2039 దాకా లెక్క. సాహిత్యం ఊరుమ్మడి చెరువు, స్వరం ఒకరు తవ్వించిన బావి అన్నమాట. నీరు ఒకటే కదా అని చేద వేస్తే కుదరదు.

గడువు తీరినంతమాత్రాన తీరనిది ఒకటున్నది. 57వ విభాగం ప్రకారం రచనకు తానే కర్తనని చెప్పుకొనే హక్కు, దానిని తన గౌరవానికి భంగం కలిగేలా వికృతం చేయకుండా ఆపే హక్కు కర్తకు విడిగా ఉన్నవి. అది అమ్ముకొన్నా పోదు. త్యాగరాజస్వామి ముద్రలో మన పూర్వులు కాపాడినది సరిగ్గా దీనినే. పారిస్‌వారు రుసుమును కనిపెట్టక పూర్వమే మనం పేరును కాపాడుకొన్నాము. విచారమేమంటే, రుసుము నేర్వకపోగా పేరు చెప్పే అలవాటును కూడా మైకు వచ్చిన తరువాత వదులుకొన్నాము. ఆర్కెస్ట్రా సభలో సినిమా పేరు చెబుతారు, హీరో పేరు చెబుతారు. ఎంతమంది గేయరచయిత పేరు చెబుతారో మిత్రులు ఈసారి చెవియొగ్గి వినండి.

నా మనవి చిన్నది. వేదిక మీద పాడే పేద గాయకుణ్ణి నోటీసులతో బెదరించడం న్యాయం కాదు. టిక్కెట్టు అమ్మేవారు, హాలు అద్దెకిచ్చేవారు, ప్రకటనలు తెచ్చుకొనేవారు ఈ భారం మోయవలె. మైకుసెట్టు, పందిరి, దీపాలు అని పద్దులు వ్రాసుకొనే కాగితం మీద కవి భాగం అని ఒక పద్దు చేర్చుకొంటే చాలు. రుసుమువసూలు సంఘాలు కూడా తమ రేట్లను తెలుగులో, మన ఊరి నిర్వాహకునికి అర్థమయ్యేలా ప్రకటించవలె. వసూలైనది ఏ కవి ఇంటికి ఎంత చేరినదో చెప్పవలె. ఆ చివరి మాట చెప్పనంతవరకు జనం ఆ రుసుమును పన్నుగానే చూస్తారు, సంభావనగా చూడరు. ఇక ఉచితంగా పాడుకొనే భజన సమాజాలు, బడిపిల్లలు, పెళ్లి మేళాలు నిశ్చింతగా పాడుకోవచ్చు. ఒక్క నిబంధన, అది చట్టం కోసం కాదు: పాడే ముందు కట్టినవారి పేరు చెప్పండి.

మీ పెద్దలలో ఎవరైనా నాటక కాంట్రాక్టర్లు ఉండి, వారి పాత జమాఖర్చు పుస్తకాలు ఇంట్లో మిగిలి ఉంటే దయచేసి ఒకసారి తెరచి చూడండి. ఏ పుటలోనైనా కవికి పంపిన పైకం పద్దు కనబడితే వ్యాఖ్యలలో వ్రాయండి. ఒక్కటి దొరికినా ఈ వ్యాసంలో నేనన్న మాటకు ఆనందంగా సవరణ చేర్చుతాను.

స్వస్తి.